ఎడమ పక్క తక్కువ

పద్నాలుగో హెడ్‌ఫోన్ల జతను స్పిరిట్‌లో తడిపిన దూదితో తుడిచి, చెవిలో దూరే రబ్బరు తొడుగులు రెండూ బిగుతుగా ఉన్నాయో లేదో నొక్కి చూసి, బాబాయి చెవుల్లో పెట్టుకున్నాడు. కౌంటరు కాలికి గొలుసుతో కట్టేసిన పాత ఫోన్ తీసి బొటనవేలితో నొక్కాడు. "ఎడమ" అంది ఆడగొంతు. "కుడి" అంది. మళ్లీ "ఎడమ", మళ్లీ "కుడి". ఇలా పదిసార్లు అయ్యాక అదే గొంతు కాస్త విసుగ్గా, "ఇక చాలా? అవతల పాలు పొంగుతున్నాయి" అంది. ఆపకపోతే రికార్డు మళ్లీ మొదటికొస్తుంది.

ఆ గొంతు ఆయన భార్యది. ఆరేళ్ల కిందట ఒక పొద్దున ఆమెను పొయ్యి దగ్గరే నిలబెట్టి రికార్డు చేశాడు. ఇదేం పిచ్చిపనని ఆమె గొణుగుతూనే చెప్పింది. దుకాణం పై అంతస్తులో టీవీలు బాగుచేసే మెకానిక్కు ఆ రెండు మాటల్నీ విడదీసి, 'ఎడమ' ఎడమ చెవిలోనే, 'కుడి' కుడి చెవిలోనే వచ్చేలా చేసిపెట్టాడు. పాల మాట మాత్రం రెండు చెవుల్లోనూ వస్తుంది. అది కత్తిరించేస్తానని మెకానిక్కు అంటే బాబాయే వద్దన్నాడు. హెడ్‌ఫోన్లు కొనడానికి వచ్చినవాళ్లు పాల దగ్గరికి రాగానే నవ్వుతారు. నవ్వితే దవడ కదులుతుంది. దవడ కదిలినా చెవిలోంచి జారనిదే పరుగుకు పనికొచ్చే సరుకని బాబాయి లెక్క.

ఆయనకు యాభై ఆరేళ్లు. పొట్ట కొంచెం ముందుకొచ్చింది, జుట్టు బాగా వెనక్కి పోయింది. పొట్టి చేతుల చొక్కా, జేబుకు దుకాణం బ్యాడ్జీ, ఎప్పుడూ స్పిరిట్ వాసన కొట్టే వేళ్లు. చెవులు మాత్రం పెద్దవి, తమ్మెలు కిందికి సాగి ఉంటాయి. ఆ చెవులు చూసే ఈ కౌంటరు ఇచ్చారని తోటివాళ్లు ఆటపట్టిస్తారు. దుకాణంలో అందరికీ ఆయన బాబాయే, మేనేజరుతో సహా. సొంత పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు. నెలకోసారి చూసుకున్నప్పుడు ఎవరిదో అనిపిస్తుంది.

రెండో అంతస్తులో లిఫ్టుకీ మెట్లకీ మధ్య మూలలో ఆయన కౌంటరు. వెనక గోడకు వార్నిష్ వేసిన పెద్ద చెక్క, చెక్కకు కొక్కేలు, కొక్కేలకు కస్టమర్లు పెట్టుకొని చూసే వైరు లేని జతలు. తలుపులు తెరవడానికి ముందు వాటన్నిటినీ తుడిచి, ఒక్కొక్కదాన్నీ పాత ఫోన్‌కు కలిపి, విని, మళ్లీ తగిలించడం ఆయన రోజూ చేసే మొదటి పని. తేడాగా వినిపించినదాన్ని పక్కన పెడతాడు. పక్క బల్ల మీద రిటర్నులు చూసే అమ్మాయి దానికి చీటీ రాసి కంపెనీకి పంపేస్తుంది. ఆమె తన చెవిలో పెట్టుకొని ఎప్పుడూ చూడదు. బాబాయి చెప్పాక ఇంక చూసేదేముంటుందని ఆమె నమ్మకం.

ఈ ఎనిమిది నెలల్లో ఆమె అలాంటి చీటీలు పదకొండు రాసింది. పదకొండింటి మీదా ఒకటే మాట: 'ఎడమ పక్క తక్కువ'.

ఆ పదకొండూ ఈ పొద్దున ఒకే పెట్టెలో తిరిగొచ్చాయి. పైన కంపెనీవాళ్ల కాగితం ఉంది. పరీక్షించాం, ఏ లోపమూ లేదు అని రాసి, కింద ఇద్దరు ఇంజనీర్లు సంతకాలు చేశారు. మేనేజరు ఆ కాగితం చదివి, చీటీల మీద సంతకం ఆమెదే కాబట్టి సాయంత్రంలోగా సంజాయిషీ రాసివ్వమని అమ్మాయికి చెప్పి వెళ్లాడు. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది నిండలేదు ఆమెకు. కొలతల పట్టీలా పొడుగ్గా, సన్నగా ఉంటుంది. బల్ల మీద తెల్లకాగితం పెట్టుకొని అరగంట నుంచి అందులో ఒక్క అక్షరం రాయలేదు.

"కంపెనీవాళ్లే అబద్ధం ఆడుతున్నారు కదా బాబాయ్?" అంది.

బాబాయి చూద్దాంలే అమ్మాయ్ అని, చేతిలో ఉన్న దూదిని చెత్తబుట్టలో వేసి, ఇంకో ముక్క తుంచుకున్నాడు.

ఇప్పుడు పద్నాలుగో జతలో 'కుడి' గంట కొట్టినట్టు వినిపించింది. 'ఎడమ' గోడ అవతల ఎవరో అన్నట్టుంది. బాబాయి అమ్మాయి వైపు వీపు తిప్పుకొని నిలబడ్డాడు. రెండూ తీసి, ఎడమది కుడి చెవిలో, కుడిది ఎడమ చెవిలో పెట్టుకున్నాడు. అలా తిరగేస్తే వంకరగా కూర్చుంటాయి, వేలితో ఆపి పట్టుకోవాలి. పట్టుకొని విన్నాడు. ఈసారి 'ఎడమ' గంట కొట్టినట్టు వినిపించింది. 'కుడి' గోడ అవతలికి పోయింది.

అర నిమిషం పని. దుకాణంలో ఇరవై రెండేళ్లు చేసిన మనిషికి తట్టని సంగతేమీ కాదు. ఎనిమిది నెలలుగా రోజూ పొద్దున ఆ అర నిమిషం పని చేయకుండా తప్పించుకు తిరిగాడు. ఎడమ కాస్త తగ్గినట్టుంటే సరిపెట్టుకున్నాడు, మరీ తగ్గినట్టున్న పదకొండింటినే పక్కన పెట్టాడు. ఇప్పుడు జతను తీసి, మళ్లీ తుడిచి, కొక్కేనికి తగిలించాడు. అమ్మాయికేసి చూడలేకపోయాడు.

తలుపులు తెరిచారు. జనం రావడం మొదలైంది.

బాబాయి ఈ మూలకు రాకముందు కింద గోడౌన్‌లో పదమూడేళ్లు పెట్టెలు లెక్కపెట్టాడు. అది నేల కింద ఉంటుంది. పగలూ రాత్రీ ఒకటే ట్యూబులైటు వెలుగు, అట్టపెట్టెల వాసన, మాట్లాడితే లారీవాళ్లే మాట్లాడాలి. ఈ కౌంటరు మొదలుపెట్టినప్పుడు ఎవరూ ముందుకు రాకపోతే ఆయన్ని పైకి పంపారు. వచ్చిన మొదటిరోజే ఒక కుర్రాడు హెడ్‌ఫోన్లు పెట్టుకొని మెట్లు ఎక్కి దిగి, దిగి ఎక్కి, చెమటతో నవ్వుతూ ఇవే ఇవ్వండని అన్నాడు. ఆ నవ్వు చూశాక బాబాయికి ఈ పని మీద ప్రేమ పుట్టింది. తను మాత్రం జీవితంలో బస్సు కోసం తప్ప పరిగెత్తి ఎరగడు. కానీ ఎవరు ఎలా పరిగెడతారో, ఎవరికి చెమట చెవి వెనక నుంచి కారుతుందో, కళ్లజోడు కాడకు ఏ రకం అడ్డమొస్తుందో, బరువులు ఎత్తేటప్పుడు పళ్లు బిగించేవాళ్లకు ఏది వదులవుతుందో చూడగానే చెప్పగలడు. ముందు చెవి చూస్తాడు. తర్వాతే ఎంతలో కావాలని అడుగుతాడు. ఆ తర్వాత కౌంటరు నుంచి మెట్ల దాకా మూడుసార్లు పరిగెత్తిస్తాడు, పక్కనే తనూ గబగబా నడుస్తూ. చీరలో వచ్చినావిడైనా, టై కట్టుకొచ్చిన పెద్దమనిషైనా ఆ మూడు చుట్లు తిరగాల్సిందే. కొందరు విసుక్కొని వెళ్లిపోతారు. వెళ్లినవాళ్లలో సగం మంది వారం తిరక్కుండా మళ్లీ వస్తారు.

ఎడమ చెవి మందగించాక ఆ మూడు చుట్లలో ఆయన కస్టమరుకు ఎడమ పక్కన నడవడం అలవాటు చేసుకున్నాడు. అప్పుడు వాళ్లు తన కుడివైపు ఉంటారు. ఇంట్లో మంచం మీద కూడా పక్కలు మార్చాడు. ఫ్యాను గాలి పడటం లేదని సాకు చెప్పాడు. భార్యకు మాత్రం మొగుడు పెడసరంగా తయారయ్యాడనే అనిపిస్తోంది. పిలిస్తే పలకడు, చెప్పింది పెడచెవిన పెడతాడు, అడిగితే కోపం. పోయిన వారం మోకాలు నొప్పిగా ఉంది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని ఎడమవైపు నుంచి రెండుసార్లు అడిగిందట. ఆయన పేపరు తిరగేస్తూ ఉండిపోయాడు. ఆ రోజు నుంచి ఆమె మాటలు తగ్గించేసింది. డాక్టరు దగ్గరికి పక్కింటావిడతో వెళ్లొచ్చింది. చెవి సంగతి చెబితే సరిపోయేది. చెబితే ఆ మాట ఎలాగో దుకాణం దాకా వస్తుందని, వస్తే మళ్లీ ఆ ట్యూబులైటు కిందికే పంపిస్తారని ఆయన భయం.

మధ్యాహ్నం డబ్బాలో అన్నం తిని, నోరు కడుక్కొని వచ్చేసరికి కౌంటరు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయి. ఆఫీసు బట్టలు, భుజానికి సంచీ, కాళ్లకు మాత్రం కొత్త పరుగు బూట్లు. ఒక బూటుకు చీటీ తీసేశాక మిగిలిన దారం ఇంకా వేలాడుతోంది.

"చెవులు పూర్తిగా మూసేసేవి కావాలండీ," అంది. "బయటి చప్పుడు ఒక్కటి వినపడకూడదు. నా ఆయాసం కూడా నాకు వినపడకూడదు. అది వినపడితే ఆగిపోతాను."

బాబాయి ఆమె చెవి చూశాడు. చిన్న చెవి, రంధ్రం ఇంకా చిన్నది. ఎక్కడ పరిగెడతారని అడిగాడు. పొద్దున్నే, పార్కు గేటు తెరవకముందు, పార్కు చుట్టూ ఉన్న రోడ్డు మీదని చెప్పింది. పరుగు మొదలుపెట్టి పదిరోజులైంది. రోజూ రెండో మలుపు దగ్గరే ఆగిపోతోంది. వెనకొచ్చేవాళ్లు దాటిపోతుంటే సిగ్గుగా ఉందని, ఇంట్లో అందరూ పందెం వేసుకుంటున్నారని, తను ఎన్నాళ్లకు మానేస్తుందోనని, నవ్వుతూనే చెప్పింది. కళ్లు మాత్రం నవ్వడం లేదు.

ఇంట్లో ట్రెడ్‌మిల్ మీదైతే మూసేసేవే ఇస్తానని, రోడ్డు మీదికి ఇవ్వనని బాబాయి చెప్పాడు. ఆమె మొహం చిన్నబుచ్చుకుంది. డబ్బులిచ్చి కొనుక్కుంటానంటే ఇవ్వననడమేమిటని అడిగింది. వెనక నుంచి వచ్చే లారీకి మీ ఆయాసంతో పనిలేదమ్మా అని, ఆయన కౌంటరు కింద నుంచి కొత్త పెట్టె తీశాడు. ఆ వేళే వచ్చిన సరుకు, ఇంకా తనే పెట్టుకొని చూడలేదు. పెట్టె మీద రాసింది మాత్రం రెండుసార్లు చదివాడు. ఇవి చెవిలోకి పోవు. తల వెనక నుంచి సన్నటి పట్టీ వస్తుంది. రెండు బిళ్లలు చెవికి ముందు, చెంప ఎముక మీద ఆనుకుంటాయి. చప్పుడు ఎముకలోంచి లోపలికి వెళుతుంది. చెవి రంధ్రం తెరిచే ఉంటుంది కాబట్టి రోడ్డు కూడా వినపడుతుంది.

ఆమె అనుమానంగానే పెట్టుకుంది. 'ఎడమ', 'కుడి' విని కళ్లు పెద్దవి చేసింది. పాల దగ్గరికొచ్చేసరికి ఫక్కున నవ్వింది. పట్టీ కదల్లేదు.

ఇక పరుగు. మెట్ల దాకా వెళ్లి రావడం, మూడుసార్లు. బాబాయి ఆమెకు ఎడమ పక్కన చేరాడు. మొదటి చుట్టు బాగానే అయింది. రెండో చుట్టులో ఆమెకు ఆయాసం మొదలైంది. ఆగుతుందేమోనని బాబాయి చూశాడు. ఆగలేదు. మూడో చుట్టులో పట్టీ మెడ దగ్గర ఎగురుతోందా లేదా అని తల పూర్తిగా ఆమె వైపు తిప్పి, చెవి వెనకే చూస్తూ అడుగులు వేస్తున్నాడు.

ఎడమవైపు సందులోంచి వాషింగ్ మెషీను పెట్టెతో తోపుడుబండి వస్తోంది. పెట్టె ఎత్తుగా ఉంది, తోసేవాడికి ముందేముందో కనపడదు. అందుకే వాడు సందు మొదలు నుంచీ అరుస్తూనే ఉన్నాడు, పక్కకి, పక్కకి అని.

ఆమె విన్నది. ఠక్కున ఆగి, బాబాయి మోచేయి పట్టుకొని తనవైపు లాగింది. పెట్టె మూల ఆయన చొక్కా జేబును చీరుకుంటూ పోయింది. బ్యాడ్జీ ఊడి నేల మీద పడింది.

"ఎన్నిసార్లు అరవాలి బాబాయ్!" అన్నాడు తోపుడుబండివాడు, వాడికీ గుండెలు అదిరినట్టున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. అమ్మాయి తెల్లకాగితం మీద నుంచి తల ఎత్తింది.

"మీకు వినపడలేదా అండీ?" అని కొనడానికొచ్చినావిడ మెల్లగా అడిగింది. ఆమె కుడివైపే ఉంది కాబట్టి ఆ మాట ఆయనకు బాగానే వినపడింది.

బాబాయి వంగి బ్యాడ్జీ తీసుకున్నాడు.

"మీకు వినపడింది కదమ్మా. మనకు కావలసింది అదే," అన్నాడు.

ఆమె అదే రకం తీసుకుంది. కొత్త పెట్టె కట్టించుకుంటూ, ఆయాసం మాత్రం మొత్తం వినపడిందండీ అని ఫిర్యాదు చేసింది. అదొక్కటీ తన చేతిలో లేదని, రెండు వారాలు వింటే అదే అలవాటవుతుందని, మూడో చుట్టులో కూడా ఆగలేదు కదా అని బాబాయి చెప్పాడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, అవును, ఆగలేదు అంది. వెళుతూ వెళుతూ ఆయనకు ఎడమవైపుగా వంగి ఏదో చెప్పింది. బాబాయి అలవాటు కొద్దీ తల ఊపాడు. ఆమె మెట్లు దిగిపోయాక, దేనికి తల ఊపానో తెలియలేదే అని చాలాసేపు ఆలోచించాడు. ఆమెకు వేసి చూపించిన జతను మాత్రం దూదితో తుడిచి చివరి కొక్కేనికి తగిలించాడు.

తర్వాత వచ్చినవాళ్లలో ఒకరికి చెవికి కొక్కెంలా తగిలేవి, ఇంకొకరికి టోపీ కింద ఇరుక్కోనివి ఇచ్చాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మనసు మాత్రం తోపుడుబండి దగ్గరే ఉండిపోయింది. రోడ్డు వినపడనివాళ్లకు రోడ్డు మీద పని లేదని తొమ్మిదేళ్లుగా ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు.

అయిదున్నరకు మేనేజరు వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్లవాడు. పనిలో చేరిన కొత్తలో నాలుగు నెలలు ఈ మూలలోనే బాబాయి చేతి కింద దూది తడిపాడు. అమ్మాయి బల్ల మీద కాగితం ఇంకా తెల్లగానే ఉంది. పదకొండు జతలూ వరసగా పేర్చి ఉన్నాయి. మేనేజరు వాటినీ, ఆమెనూ చూసి, బాబాయి వైపు తిరిగాడు.

"కంపెనీవాళ్లు అబద్ధమాడితే వాళ్ల సరుకు రేపే ఆపేస్తాను. ఈ అమ్మాయికి పని రాకపోతే ఈమెను ఆపేస్తాను. మీరెలా అంటే అలా బాబాయ్. మీ చెవి మీద నాకు నమ్మకం."

అమ్మాయి బాబాయిని చూసింది. పొద్దుటి నుంచి ఆమె ఎదురుచూస్తున్నది ఈ ఒక్క నిమిషం కోసమే. కంపెనీదే తప్పని ఆయన అంటే చాలు, ఆమె ఉద్యోగం నిలుస్తుంది. ఆయన కౌంటరూ నిలుస్తుంది. కంపెనీ ఎక్కడో ఉంది, దాని మొహం ఎవరూ చూడలేదు. అంత తేలిక. బాబాయి నోరు తెరిచాడు కూడా. తెరిచాక, చిరిగిన జేబు అంచు చేతికి తగిలింది.

"ఎడమ పక్క తక్కువే సార్," అన్నాడు. "వాటికి కాదు, నాకు."

మేనేజరుకు వెంటనే అర్థం కాలేదు. బాబాయి వరసలోంచి ఒక జత తీసి, తుడిచి, అమ్మాయి చేతికిచ్చి పెట్టుకోమన్నాడు. ఫోన్ నొక్కాడు. ఇన్ని నెలలుగా పక్క బల్ల దగ్గరే కూర్చున్న మనిషి మొదటిసారి ఆ రికార్డు విన్నది. 'ఎడమ'కు తల ఊపింది, 'కుడి'కి తల ఊపింది. పాల దగ్గర నవ్వలేదు. రెండూ సమానంగానే ఉన్నాయని చెప్పి కళ్లు తుడుచుకుంది. తను బయటపడ్డానన్న సంతోషం, దానికి సిగ్గు రెండూ ఆమె మొహంలో కనిపించాయి.

మేనేజరు కంపెనీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఎప్పటి నుంచి అని అడిగాడు. బాబాయి చెప్పాడు. డాక్టరుకు చూపించారా అని అడిగాడు. లేదన్నాడు. తర్వాత మేనేజరు, మంచిమాట చెప్పేవాడిలా, రేపటి నుంచి గోడౌన్‌కు వచ్చేయమన్నాడు. అక్కడైతే ఎవరూ పెద్దగా మాట్లాడరని, ఆయనకు హాయిగా ఉంటుందని కూడా అన్నాడు. బాబాయికి ఏడుపొచ్చింది. అలాగే సార్ అన్నాడు.

కౌంటరు అమ్మాయికి అప్పగించారు. పది నిమిషాల్లో ఏం నేర్పగలడు. ముందు చెవి చూడమన్నాడు. మూడు చుట్లు తప్పనిసరి అన్నాడు. రోడ్డు మీద పరిగెత్తేవాళ్లు ఎంత పోట్లాడినా చెవులు మూసేసేవి ఇవ్వొద్దన్నాడు. ఆమె అన్నిటికీ సరే అంది. నీళ్లసీసా, డబ్బా, కళ్లజోడు పెట్టె సంచీలో వేసుకున్నాడు. ఫోన్ గొలుసు తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. ఫోన్ ఆయన సొంతం. తీసుకెళ్లండి బాబాయ్ అని అమ్మాయే అంది. ఆయన తాళంచెవి ఆమెకిచ్చి, ఇది లేకపోతే ఎలా చూస్తావమ్మా అన్నాడు. ఆమె అప్పగింత కాగితం మీద సంతకం పెట్టి రావడానికి కిందికి వెళ్లింది.

బాబాయి ఒక్కడే మిగిలాడు. కొక్కేలన్నిటినీ ఒకసారి చూసుకున్నాడు. చివరిదాని దగ్గర ఆగాడు. ఆ కొత్త జతను అందరికీ చెప్పడమే గాని తను పెట్టుకోలేదు. తీసి, పట్టీ తల వెనకకు వేసి, బిళ్లలు రెండూ చెంపల మీద ఆనించుకొని, ఫోన్ నొక్కాడు.

"ఎడమ" అంది భార్య.

బాబాయి కదల్లేదు. ఆ మాట తలలోకి ఏ వైపు నుంచి వచ్చిందో ఆయన చెప్పలేడు. కానీ గోడ అవతల నుంచి రాలేదు. ఎనిమిది నెలల తర్వాత స్పష్టంగా, దగ్గరగా, కొంచెం విసుగుతో వచ్చింది. 'ఎడమ'కీ 'కుడి'కీ మధ్య ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. ఆయన కౌంటరు అంచు పట్టుకొని పదిసార్లూ విన్నాడు. పాల మాటా విన్నాడు. ఇంటికి వెళ్లగానే ముందు మోకాలెలా ఉందని అడగాలనుకున్నాడు. తర్వాత చెవి సంగతి చెప్పాలి. ఆమె తిడుతుంది. ఆ తిట్లు పడేటప్పుడు ఆమెను కుడివైపు కూర్చోబెట్టుకుంటే ఒక్కటీ పొల్లుపోదు.

పట్టీ తీసి, ఒకసారి దూదితో తుడిచి, కొక్కేనికి తగిలించాడు. సంచీ భుజానికి వేసుకొని, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగాడు. ఫోన్ ఆపడం మరిచిపోయాడు.

చివరి కొక్కేనికి ఆ జత సన్నగా అదురుతూ వేలాడుతోంది. దాని బిళ్ల ఒకటి వార్నిష్ చెక్కకు ఆనుకొని ఉంది. ఆనుకున్న చోట చెక్కే మెల్లగా పలుకుతోంది: ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఇక చాలా, అవతల పాలు పొంగుతున్నాయి.